సర్పంచయ్యాక మా ఆయన మారిపోతున్నాడు

ప్రశ్న:

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ వైపు ఒక ఊరు. మా ఆయన బోరు మోటార్ల మెకానిక్. చుట్టుపక్కల నాలుగు ఊర్లకు ఆయనే దిక్కు. రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసినా పానాలు పట్టుకుని పోయేవాడు. ఆ మంచితనం చూసే 2025 డిసెంబరు ఎన్నికల్లో సర్పంచుగా గెలిపించారు. ఖర్చు మాత్రం మా తాహతుకు మించి అయింది. రెండు రూపాయల మిత్తికి ఆరు లక్షలు అప్పు తెచ్చాం.

గెలిచిన కొత్తలో బాగానే ఉన్నాడు. ఇప్పుడు పొద్దున లేచేసరికి వాకిట్లో పదిమంది ఉంటున్నారు. మొన్న మా వాడకట్టు ముసలవ్వ పింఛను సంగతి అడగడానికి వస్తే గంటసేపు బయటికి రాలేదు. లోపల పనేం లేదు, ఫోన్లో వీడియోలు చూస్తున్నాడు. వెళ్లి చెప్తే "ఉండనీ, పోతే రేపొస్తది" అన్నాడు. సీసీ రోడ్డు కాంట్రాక్టరు మా ఇంటికి ఫ్రిజ్ పంపాడు. ఎండాకాలంలో పంచాయతీ బోరు మోటారు కాలిందని బిల్లు పెట్టారు. ఆ మోటారు కాలలేదు. మా వాడకట్టుకు నీళ్లు ఒక్కరోజు కూడా ఆగలేదు. అడిగితే "అందరూ చేసేదే, నీకేం తెల్వదు" అంటాడు. ఇప్పుడు మురికి కాలువ పని మా తమ్ముడి పేరు మీద తీసుకుంటానంటున్నాడు. నా పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచి, చెక్కుల మీద ముందే సంతకాలు పెట్టి ఇవ్వమంటున్నాడు.

మహిళా సంఘం మీటింగులో నాకు ముందు కుర్చీ వేస్తున్నారు గానీ, వెనక ఏమనుకుంటున్నారో తెలుస్తూనే ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరికైనా చెప్తే ఇంటి పరువు పోతుంది, చెప్పకపోతే టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఏం చేయాలి?

జవాబు:

చెల్లెమ్మా,

ముందు ఆ చెక్కుల సంగతి. సంతకం పెట్టకండి. ఆయన అలిగినా, రెండు రోజులు అన్నం మానేసినా ఈ ఒక్క దగ్గర మెత్తబడకండి. మీ పేరున ఖాతా ఎందుకు కావాల్సి వచ్చిందో ఆయనకూ తెలుసు, మీకూ తెలుసు. రేపు ఆ ఖాతాలో కాంట్రాక్టరు డబ్బు పడితే "నాకేం తెలియదు, మా ఆయన పెట్టమంటే పెట్టాను" అన్న మాట ఏ అధికారి ముందూ నిలబడదు.

ఈ దారి కొత్తదేం కాదు, చట్టానికి బాగా తెలిసిన దారే. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. దాని ప్రకారం లంచం నేరుగా చేతికి తీసుకున్నా, భార్య ఖాతాలోనో బామ్మర్ది చేతిలోనో పడినా తేడా లేదు. రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. ఇచ్చినవాడికీ శిక్ష ఉంది కాబట్టి, పట్టుబడ్డ రోజున కాంట్రాక్టరు మీ వైపు నిలబడతాడనుకోకండి. తను బయటపడటానికి మొదట మీ ఆయన పేరే చెప్తాడు. పంచాయతీ పనిలో సర్పంచుకే వాటా ఉందని తేలితే పదవికి అనర్హుడవుతాడు. నిధులు మింగిన సర్పంచును తొలగించే అధికారం తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం కలెక్టరుకు ఇచ్చింది. తమ్ముడి పేరు పెట్టుకున్నంత మాత్రాన ఇవేవీ తప్పవు. కేసులో ఇంకో మనిషి పెరుగుతాడు, అంతే.

భయపెట్టడం అయిపోయింది. ఇప్పుడు మీ ఆయన సంగతి.

చెడ్డవాడు కాదన్నారు, నమ్ముతాను. అర్ధరాత్రి పానా పట్టుకుని పొలాల వెంట నడిచిన మనిషి ఆరు నెలల్లో దొంగ అయిపోడు. అయితే మోటారు బిల్లు కంటే, ముసలవ్వను వాకిట్లో కూర్చోబెట్టిన ఆ గంటే నాకు పెద్ద విషయంగా కనిపించింది. బిల్లు వెనక అప్పుంది, మిత్తి ఉంది. తప్పే, కానీ ఎందుకు చేశాడో అర్థమవుతుంది. ముసలవ్వను ఆపితే ఆయనకు పైసా రాదు. తన కోసం ఒక మనిషి కాచుకుని కూర్చుందన్న తృప్తి తప్ప ఆ గంటలో ఆయనకు దక్కిందేమీ లేదు. పదవి ముందు నేర్పేది ఈ రుచినే. డబ్బు రుచి ఆ తర్వాత వస్తుంది.

మన నల్లగొండ వాళ్లకు ఈ పడిగాపులు కొత్త కాదు. చెప్పులు చేతపట్టుకుని దొర ఉండే గడీ ముందు నిలబడ్డ తాతల సంగతులు ప్రతి ఊర్లో ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. "నీ బాంచన్ కాల్మొక్త" అన్న మాట జనం నోట్లోంచి ఊరికే పోలేదు. 1946 జులైలో కడవెండిలో దొర మనుషుల తుపాకీ గుండ్లకు దొడ్డి కొమురయ్య ప్రాణం పోయింది. అప్పట్లో ఆ ఊరు నల్లగొండ జిల్లాలోదే. ఆ తర్వాత 1951 దాకా సాయుధ పోరాటం నడిచింది. గడీలు పోయాయి గానీ, మనుషుల్ని వాకిట్లో నిలబెట్టే అలవాటు వాటితో పూర్తిగా పోలేదు. పదవి ఎవరికొస్తే వాళ్ల ఇంటి ముందుకు వచ్చి కూర్చుంటుంది. మీ ఆయన తాత ఏ గడీ ముందు నిలబడ్డాడో మీ అత్తగారినో మామగారినో ఒకసారి అడగండి. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు, ఆయనకు వినపడేలా అడగండి.

ఇక అప్పు. ఇది ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన అసలు లెక్క. ఆరు లక్షలకు రెండు రూపాయల మిత్తి అంటే నెలకు 12,000. సర్పంచు గౌరవ వేతనం నెలకు 6,500. అది నెలనెలా అందినా, అసలు జోలికి పోకుండా మిత్తికే నెలకు 5,500 తక్కువ పడుతుంది. అయిదేళ్ల గౌరవ వేతనం మొత్తం కలిపితే 3,90,000. అయిదేళ్ల మిత్తి 7,20,000. ఈ లెక్క మీరెప్పుడైనా వేసుకున్నారో లేదో గానీ, కాంట్రాక్టరు ఎప్పుడో వేసుకున్నాడు. ఏ ఇంటికి ఎప్పుడు ఫ్రిజ్ పంపాలో అతనికి అందుకే తెలుస్తుంది.

అయిదు వేల లోపు జనాభా ఉన్న ఊర్లో సర్పంచు అభ్యర్థి లక్షన్నరకు మించి ఖర్చు పెట్టకూడదు. గెలిచినా ఓడినా 45 రోజుల్లో లెక్క చూపించాలి. ఆ కాగితంలో మీ ఆయన ఎంత రాశాడో నేను అడగను. చాలామంది సర్పంచుల చేత మొదటి దొంగ లెక్క రాయించేది ఆ కాగితమే. అప్పటికింకా వాళ్లు కుర్చీలో సరిగ్గా కుదురుకోను కూడా కుదురుకోరు.

కాబట్టి మిత్తి భారం దించకుండా మీరెన్ని నీతులు చెప్పినా ఆయన చెవికెక్కవు. ఇంటి జాగా ఉంటే అమ్మండి, బంగారం ఉంటే దాని గురించీ ఆలోచించండి. మీ సంఘం నుంచి బ్యాంకు లింకేజీ రుణం వస్తే రెండు రూపాయల మిత్తి కంటే చాలా తేలిక. రెండు రూపాయలంటే ఏడాదికి నూటికి 24 మరి. అయితే వరుసలో మీ వంతు వచ్చినప్పుడే తీసుకోండి, సర్పంచు భార్యనని ముందుకు జరగకండి. ఇంకొకటి, ఆయన్ను మళ్లీ పానా పట్టమనండి. సర్పంచు మోటార్లు రిపేరు చేయకూడదని ఏ చట్టంలోనూ లేదు. వారానికి నాలుగు రోజులు పనికి పోతే మిత్తికి ఆసరా దొరుకుతుంది. పైగా మోటారు ఆగిపోయిన రైతు దండం పెట్టుకుంటూ కూర్చోడు, "ఎంతసేపయ్యా, మడి ఎండిపోతాంది" అని మొహం మీదే అంటాడు. ఇప్పుడు ఆయన చుట్టూ అలా అనేవాళ్లు లేరు. వాకిట్లో ఉన్న పదిమందిలో తొమ్మిదిమంది ఏదో ఒక పని మీద వచ్చినవాళ్లే అయుంటారు. ఆయన చెప్పే ప్రతి మాటకూ తల ఊపుతారు. ఆరు నెలలు అలాంటివాళ్ల మధ్య ఉంటే, కాదన్నవాళ్లు శత్రువుల్లా కనిపించడం మొదలవుతుంది. అందుకే మిమ్మల్ని కూడా "నీకేం తెల్వదు" అంటున్నాడు.

"అందరూ చేసేదే" అన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. 2019లో గెలిచిన సర్పంచుల్లో చాలామంది అప్పులు తెచ్చి వైకుంఠధామాలు (శ్మశానవాటికలు), ప్రకృతి వనాలు (ఊరి పార్కులు) కట్టించారు. 2024 ఫిబ్రవరిలో పదవి దిగిపోయాక కూడా బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. నిజాయితీగా చేసినవాళ్లే మునిగారన్న కోపం ఊర్లలో ఉంది, ఆ కోపం న్యాయమైనదే. కానీ రావాల్సిన బిల్లు కోసం ప్రభుత్వంతో కొట్లాడటం వేరు, కాలని మోటారుకు బిల్లు పెట్టడం వేరు.

ఇంకో మాట కూడా ఆయన నోట త్వరలో వింటారు, ఇప్పటికే విని ఉండొచ్చు: "వాళ్లు ఓటుకు పైసలు తీసుకున్నరు, ఇగ నన్నేం అడుగుతరు?" 2022 మునుగోడు ఉప ఎన్నిక నాటికి ఓటు రేటు గురించి టీ కొట్ల దగ్గర బహిరంగంగానే మాట్లాడుకున్నారు కాబట్టి ఈ వాదన మన దిక్కు బాగానే చెల్లుతోంది. నేను ఒప్పుకోను. ఓటుకు డబ్బు తీసుకున్నవాడు తన సిగ్గు అమ్ముకున్నాడేమో గానీ, పంచాయతీ ఖాతాలోకి వచ్చే ఫైనాన్స్ కమిషన్ డబ్బు అమ్ముకోలేదు. అది అతనొక్కడిది కాదు. తీసుకోనివాళ్లది కూడా, ఓటే లేని పిల్లలది కూడా.

జనం మర్చిపోతారని ఆయన అనుకుంటుంటే, మన దిక్కు చరిత్ర అలా లేదు. 1989లో పాలమూరు జిల్లా కల్వకుర్తిలో ఎన్టీ రామారావు ఓడిపోయారు. ముఖ్యమంత్రిగా ఉండి, జనం దేవుడని దండం పెట్టిన మనిషి. మన నల్లగొండలో అయితే 1996 లోక్‌సభ ఎన్నికల్లో 480 మంది పోటీలో నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోతుంటే ఎవరూ పట్టించుకోలేదని, జలసాధన సమితి పిలుపుతో మామూలు జనం నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. దేశమంతా నల్లగొండ వైపు చూసింది. అదే ఏడాది లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 నుంచి 10,000కు పెంచేశారు. అడిగేవాళ్లు ఎక్కువైతే, అడగడాన్ని ఖరీదు చేయడం పైవాళ్లకు తెలిసిన విద్య. మీ వాకిట్లో ముసలవ్వను గంటసేపు కూర్చోబెట్టి కట్టించుకున్నదీ అలాంటి డిపాజిట్టే.

అయితే ఓటుతో చెప్పే బుద్ధి అయిదేళ్లకోసారి వస్తుంది. ఈలోపు జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. మనిషి మంచివాడు కదా అని ఊరుకుంటే సరిపోదు, మధ్య మధ్యలో లెక్క అడిగే ఏర్పాటు ఉండాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం కనీసం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంటుంది. చెక్కు మీద సర్పంచు ఒక్కడి సంతకం చాలదు, ఉపసర్పంచు సంతకం కూడా ఉండాలంటుంది. మీ ఊర్లో గ్రామసభ నిజంగా జరుగుతోందా, లేక రిజిస్టరు ఇంటింటికీ తిప్పి సంతకాలు తీసుకుంటున్నారా? మీరు రాయలేదు. రెండోదే అయితే ఆశ్చర్యపోను. ఉపసర్పంచు కూడా వాటాదారైతే ఆ రెండో సంతకానికి విలువే లేదు. అప్పుడు మిగిలేది ఊరి జనం ముందు గట్టిగా చదివే లెక్కే.

ఉపాధి హామీ సోషల్ ఆడిట్లు ఎప్పుడైనా చూసి ఉంటే నేను చెప్పేది అర్థమవుతుంది. మండల కేంద్రంలో ప్రజావేదిక అని షామియానా వేస్తారు. మైకులో పేరు చదివి, ఫలానా ఆమె ఇన్ని రోజులు పని చేసిందని చెప్తారు. వెనక వరుసలోంచి ఆమే లేచి "నేనెప్పుడు పోయిన? మా బిడ్డ కాన్పుకు అచ్చంపేటలో ఉంటిని" అంటుంది. ఆ మాట తర్వాత వేదిక మీద కూర్చున్న మనిషి తల ఎత్తలేడు. పెద్ద పెద్ద విచారణ సంఘాలు ఏళ్ల తరబడి తేల్చనిది అక్కడ ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

మీ ఆయనకు చెప్పండి, వచ్చే గ్రామసభలో ఆదాయం, ఖర్చు ఆయనే చదవాలని. ట్రాక్టరు డీజిలు ఎంత, వీధి లైట్లకు ఎంత, మోటారు రిపేరుకు ఎంత. ఆయన చదవకపోతే ఎవడో ఒక కుర్రాడు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడతాడు. గ్రామ స్థాయిలో దానికి ఫీజు కూడా లేదు, 30 రోజుల్లో పంచాయతీ కార్యదర్శి జవాబివ్వాలి. కార్యదర్శి ఉద్యోగి. తన ఉద్యోగం కాపాడుకోవడానికి కాగితం ఉన్నది ఉన్నట్టు ఇచ్చేస్తాడు. ఎవరో బయటపెట్టేదాకా ఆగడం కంటే తనే ముందు చదవడం మేలని ఆయనకు ఆ లెక్కన చెప్పినా సరే. తప్పు దిద్దుకోవడానికి మంచి కారణమే ఉండాలని లేదు, భయం కూడా పనికొస్తుంది.

మాట్లాడేటప్పుడు "నువ్వు మారిపోయావు", "లంచగొండివయ్యావు" అనకండి. వెంటనే గొడవ వేరే దారి పడుతుంది, మీ పుట్టింటి దాకా పోతుంది. మోటారు గురించి అడగండి. ఆయన చేసే పనే కదా. ఎన్ని హెచ్‌పీ మోటారు? బోరులోంచి ఎప్పుడు ఎత్తారు? సబ్‌మెర్సిబుల్ మోటారు పైకి తీయాలంటే పైపులు ఒక్కొక్కటే విప్పాలి, నలుగురు మనుషులు కావాలి, పూట పడుతుంది, వాడకట్టు పిల్లలంతా చుట్టూ మూగుతారు. ఎవరు చూశారు? వైండింగ్ ఎవరు చేశారు? కాలిన రాగి తీగ ఏ పాత సామాన్ల కొట్టులో అమ్మారు? ఈ ప్రశ్నలకు అబద్ధం చెప్పడం మిగతావాళ్లకు సులువేమో, ఒక మెకానిక్కు కష్టం. పైగా మీకు తెలిసిన సంగతి ఊరికి తెలియదనుకోవడం పొరపాటు. నీళ్లు ఆగలేదని మీకెలా తెలిసిందో ప్రతి ఇంటికీ అలాగే తెలిసింది. మిమ్మల్ని బాధపెడుతున్న ఇంటి పరువు ఆ బిల్లుతోనే సగం పోయింది, ఇక దాచడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

మీ గురించి కూడా ఒక మాట, ఏమీ అనుకోకండి. సంఘం మీటింగులో ముందు కుర్చీ వేస్తున్నారని రాశారు. ఆ కుర్చీ మీకు ఇబ్బందిగా ఉందో, కాస్త బాగుందో ఉత్తరం చదివితే తెలియలేదు. రెండూ ఉండొచ్చు. వచ్చే మీటింగుకు కొంచెం ముందే పోయి ఎప్పటిలాగే జంపఖానా మీద కూర్చోండి. ఎవరైనా లేవమంటే నవ్వి ఊరుకోండి. మీ వెనక మాట్లాడుకుంటున్నది మీ ముందు మాట్లాడటం అప్పుడు మొదలవుతుంది. ఆ మాటలు ఇంటికి మోసుకుపోగలిగింది మీరొక్కరే. ఫ్రిజ్ మాత్రం తిప్పి పంపించండి. కొత్తది కొనుక్కునే స్తోమత లేకపోతే కొన్నాళ్లు కుండ నీళ్లు తాగండి.

ఇంతా చేసి ఆయన వినకపోతే? సంతకం కోసం చెయ్యి చేసుకుంటే, బెదిరిస్తే అది పంచాయతీ గొడవ కాదు, గృహహింస. 181కి ఫోన్ చేయండి, పుట్టింటికి చెప్పండి, పరువు లెక్క పక్కన పెట్టండి. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) నంబరు 1064 ఉంది కదా, చెప్పమంటారా అని మీరు అడగలేదు గానీ చదివేవాళ్లు కొందరు నన్ను అడుగుతారు. ఒక్క మోటారు బిల్లుకు భర్త మీద ఫిర్యాదు చేయమని నేను మీకు చెప్పను. ఆ పని చేయడానికి ఊర్లో మిగతావాళ్లున్నారు, వాళ్ల హక్కు అది. కానీ విచారణకు ఎవరైనా వచ్చి మిమ్మల్ని అడిగితే అబద్ధం ఆడకండి. ఏ బిల్లుల కట్టా ఇంట్లో దాచకండి. ఈ రెండు మాటలూ ఆయనకు ఇప్పుడే, ముందుగానే చెప్పి ఉంచండి.

తమ్ముడితో మాత్రం ఈ వారమే మాట్లాడండి. బావ అడిగితే కాదనలేక ఒప్పుకుని ఉంటాడు. కాలువ పని మొదలై, ఇంజినీరు (ఏఈ) వచ్చి కొలతలు తీసి కొలతల పుస్తకం (ఎంబీ) రాశాడంటే అతని పేరు రికార్డులోకి ఎక్కుతుంది. ఆ తర్వాత వెనక్కి రావడం మీ చేతుల్లో ఉండదు.